ఈ లెగ్గింగ్స్ ఎవరి కొలతవి?

జూన్ 4

వదినగారికి నమస్కారాలు.

ఇక్కడ మేం కులాసా. మీరూ కులాసాయేనని మీ కోడలు, మా బుడ్డి ఫోన్లో చెప్పింది. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే ‘బాగున్నారా’, ‘బాగున్నాం’ అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుని పెట్టేస్తాం కదా. మా అమ్మాయిని మీ ఇంటి కోడలిగా పంపిన కొత్తలో మీరు ‘నాకు ఉత్తరంలో అయితేనే మాట వస్తుంది’ అన్నప్పుడు నా ప్రాణం లేచొచ్చింది. నాకు నోరు లేక కాదు. వియ్యపురాలి ముందు దాన్ని ఎంతవరకు తెరవాలో తెలియక.

కొట్లో ఎప్పటి పనే. ట్రయల్ రూము ముందు కుర్చీ నాది, మెడలో టేపు నాది. లోపలికి వెళ్ళిన మనిషి తలుపు తీయగానే మొహం చూసి కొంటుందో లేదో చెప్పేస్తాను. నిన్న ఒకావిడ అద్దంలో వెనక భాగం చూసుకోవాలని తిరిగి తిరిగి కళ్ళు తిరిగి నా మీదే పడింది.

అసలు సంగతి. ఈ ఉత్తరంతో ఒక పార్శిల్ పంపుతున్నాను. నల్లవి ఒక జత, ముదురు బూడిద రంగువి ఒక జత లెగ్గింగ్స్, పైకి రెండు టాపులు. ఎవరికి అని రాయను. విప్పితే మీకే తెలుస్తుంది. తెలిసిందని మీరు రాయనక్కర్లేదు, తెలిసిందా అని నేనూ అడగను. కొన్ని సంగతులు వియ్యపురాళ్ళ మధ్య నోరు విప్పకుండానే జరిగిపోవాలి.

నడుము పట్టీ వెడల్పుగా వేయించాను. ఒళ్ళు వచ్చినా సాగుతుంది, పొట్ట మీద గీత పడదు. ఈ సమయంలో కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడటం మంచిది కాదు. బుడ్డి నా చెవిన ఒక మాట వేసింది, ఇంతకంటే చెప్పను. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఎవరూ ఏమీ అనుకోరు.

ట్రయల్ రూములో ఎవరికో జిప్పు ఇరుక్కుంది, పిలుస్తున్నారు.

మీ వియ్యపురాలు


జూన్ 11

వదినగారికి,

పార్శిల్ అందింది. ఉత్తరం అందింది. పార్శిల్ అర్థమైంది. ఉత్తరం అర్థం కావడానికి సమయం పట్టింది. అట్ట చూసి పుస్తకం ఏ అరలోదో చెప్పగలిగే దాన్ని, మీ ఉత్తరాన్ని ఏ అరలో పెట్టాలో తెలియక టీ చల్లారబెట్టుకున్నాను.

తర్వాత తట్టింది. తట్టాక కాసేపు కోపం వచ్చింది. అమ్మాయి మీ చెవిన వేసిన మాట నా చెవిన వేయలేదే అని. ఇలాంటివి అమ్మకు ముందు చెప్పడం, అత్తకు చివర్న చెప్పడం ఎక్కడైనా ఉన్నదే. సాయంత్రానికి కోపం పోయి సంతోషం మిగిలింది. మీరు అడగనన్నారు కాబట్టి నేనూ ఎవరినీ అడగలేదు. ఎవరికి చేరాలో వాళ్ళకు చేరాయి. కొంచెం పొడుగయ్యాయి. మడమ కింద నలుగుతున్నాయి.

నా సంగతి చెప్పుకోవడానికేమీ లేదు. గ్రంథాలయంలో నన్ను పై అంతస్తు నుంచి దించి కింద కౌంటరు దగ్గర కూర్చోబెట్టారు. పైన పటాల గది ఉంది కదా, గోడ మొత్తం పుస్తకాలు, చక్రాల నిచ్చెన. ఆ గది నా చేతుల మీదుగా సర్దుకున్నది. ఏ సంపుటం వెనక ఏది దాక్కుంటుందో నాకు తెలుసు. ఆ మధ్య నిచ్చెన మీద చిన్న ఇబ్బంది కలిగింది. మీకు తెలిసి ఉండదు, చెప్పుకోదగ్గది కాదు. కొత్త అధికారి మాత్రం ‘ఈ వయసులో ఎందుకమ్మా, నెలాఖరుకి పైగది తాళంచెవి అప్పగించేయండి, అప్పటికి ఆలోచిద్దాం’ అన్నాడు. కౌంటరు దగ్గర నా పని ముద్ర వేయడం. ముద్ర వేయడానికి నేనెందుకు, ఆ ముద్రకే ఒక స్ప్రింగు పెడితే చాలు.

పోనివ్వండి. కొత్త మనిషి వచ్చేటప్పుడు పాతవాళ్ళం సర్దుకుని చోటు చేయాలి కదా. నా మనసు ఇప్పుడు దాని మీదే ఉంది.

భవదీయురాలు,
మీ వియ్యపురాలు


జూన్ 17

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండింది. మీ మీద కాదు. కొంచెం మీ మీద కూడా.

‘కొత్త మనిషి వచ్చేటప్పుడు చోటు చేయాలి’ అని ఎంత తేలిగ్గా రాసేశారు! ఎందుకు చేయాలండీ? ఆ కొత్త మనిషి ఏం పొడిచిందని? నన్నడిగితే రానివ్వకండి. వస్తానన్నా ఇప్పుడే వద్దనండి. అల్లుడుగారితో కూడా చెప్పండి, కాస్త అడ్డుపడమనండి. ఇంట్లో మగవాడు ఉండి ఊరుకుంటే ఎలా? ఒకసారి వచ్చి కూర్చున్నాక ఇక కదలరు, చోటంతా వాళ్ళదే. మీకు మళ్ళీ ఏమీ మిగలదు.

ఇక పొడుగయ్యాయన్నారు. అదే నాకు మింగుడు పడటం లేదు. నా టేపు ఇంతవరకు అబద్ధం చెప్పలేదు. లెగ్గింగ్స్ చీలమండ ఎముక మీద ఆగాలి, కిందికి జారి ముడతలు పడితే ఎంత ఖరీదైన గుడ్డయినా చూపరులకు కాళ్ళు బరువెక్కినట్టే ఉంటాయి. నడుము పట్టీని బొడ్డు పైదాకా లాగి చూడమనండి, అప్పుడు సరిపోతుందేమో. బొడ్డు కింద పెట్టుకుంటే కూర్చున్నప్పుడల్లా మడత పడుతుంది.

ఇంకో మాట. వేసుకున్న మనిషి గదిలోనే తిరగకూడదు. వీధిలోకి వెళ్ళాలి, నలుగురిలో నిలబడాలి. మొదటి రోజే భయం. మరునాడు ఎవరి పని వాళ్ళది.

కొత్త మనిషి విషయం మర్చిపోకండి. గట్టిగా ఉండండి.

మీ వియ్యపురాలు


జూన్ 22

వదినగారికి,

మీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేవలేకపోయాను.

మీరు ఇలా రాస్తారనుకోలేదు. రావలసిన మనిషిని రావద్దనడానికి మనమెవరం? అందులోనూ కన్నతల్లి మీరు! ‘ఏం పొడిచింది’ అంటారా? ఇంకా లోకం చూడని మనిషి ఏం పొడుస్తుంది? అబ్బాయిని అడ్డుపడమని నేను చెప్పాలా? నా నోటితోనా? మీకు కొట్లో పని ఎక్కువై, ఎవరికో రాయాల్సిన మాట నాకు రాశారేమోనని కవరు మీద చిరునామా కూడా చూశాను. నాదే.

మీరు ఎలా ఉన్నా, ఇక్కడ చేయవలసింది నేను చేస్తున్నాను. పాలు, పండ్లు, గుడ్లు తెప్పిస్తున్నాను. నీళ్ళ క్యాను ఎత్తబోతే నేను లాక్కున్నాను. చీపురు దాచేశాను. మేడ మెట్లు వద్దన్నాను. నన్ను వింతగా చూస్తున్నారు. అబ్బాయి మొన్న ‘ఏమైందమ్మా నీకు?’ అని అడిగాడు. నాకేమైంది? నాకు ఎవరూ ఏమీ చెప్పకపోవడం తప్ప.

కౌంటరు దగ్గర ముద్ర వేస్తుంటే ఒక రోజు తేదీ మార్చడం మర్చిపోయాను. పుస్తకాలన్నీ నిన్నటి తేదీతో వెళ్ళిపోయాయి. ఇన్నేళ్ళలో ఇలాంటిది జరగలేదు. పైగది తాళంచెవి ఇంకా నా కొంగుకే ఉంది. దాన్ని పట్టుకుంటే దుఃఖం వస్తోంది. ఒకపక్క వచ్చే సంతోషం, ఒకపక్క పోయే గది, మధ్యలో మీ ఉత్తరం. నా బుర్ర పనిచేయడం లేదు.

ఆ రోజు ఎప్పటికని మీ అంచనా? కనీసం అదైనా చెప్పండి.

భవదీయురాలు,
మీ వియ్యపురాలు


జూన్ 25

వదినగారూ,

దండాలు తర్వాత పెట్టుకుందాం. ముందు నేను అడిగేదానికి నిజం చెప్పండి. నిచ్చెన మీంచి పడినప్పుడు మీ తలకు ఏమైనా తగిలిందా?

నాకు తెలుసు. పడ్డారని ఆ రోజే తెలుసు. చీర కుచ్చిళ్ళు మెట్టుకు తగులుకుని పడ్డారని, మోచెయ్యి గీరుకుందని, ఇంట్లో ‘తలుపుకు తగిలింది’ అన్నారని బుడ్డి చెప్పింది. మీకు నామోషీ అనిపిస్తుందని తెలియనట్టు ఉన్నాను. ఇప్పుడు ఇక ఉండలేను. నిన్న బుడ్డి ఫోన్ చేసి ఏడుపొక్కటే తక్కువ. ‘అమ్మా, అత్తయ్య నా చేతిలో చీపురు లాక్కుంటున్నారు. మెట్లెక్కితే వెనకాలే వస్తున్నారు. గ్లాసెడు పాలు తెచ్చి తాగేదాకా నిలబడి నా పొట్టకేసి చూసి నవ్వుతున్నారు. నాకు భయంగా ఉంది’ అంది.

మీ ఉత్తరంలోనేమో లోకం చూడని మనిషి అంటున్నారు. గ్రంథాలయంలోకి లోకం చూడని మనిషిని ఎందుకు తీసుకుంటారు? నేను రావద్దన్నది మీ పైగదిలోకి కొత్తగా వేయబోయే మనిషిని. నన్ను కన్నతల్లి అన్నారు. ఎవరికి? ఆ రోజు ఎప్పుడని అడుగుతున్నారు. తాళంచెవి నెలాఖరుకని మీరే కదా రాశారు!

వదినగారూ, తల తిరుగుతోందా? వస్తువులు రెండుగా కనిపిస్తున్నాయా? డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అల్లుడుగారిని తీసుకుని వెళ్ళండి.

ఇంకొక్కటి. ఆ లెగ్గింగ్స్ మీకు నిజంగానే పొడుగయ్యాయా? మీరు నాకంటే జానెడు పొడుగు. అది నాకు అసలు అర్థం కావడం లేదు.

మీ వియ్యపురాలు


జూన్ 27

వదినగారికి,

నా తల బాగానే ఉంది. అందులో ఉన్నదే బాగాలేదు.

మీ ఉత్తరం చదువుతుండగా మీ అమ్మాయి ఆ నల్ల లెగ్గింగ్స్ వేసుకుని గదిలోంచి వచ్చింది. నేను రోజూ వేసుకోమంటున్నానని, నా మనసు నొప్పించకూడదని వేసుకుందట. మడమ కింద గుడ్డ ఈడ్చుకుంటూ, నడుము పట్టీ చంకల దాకా లాక్కుని నిలబడింది. మీరు దాన్ని బుడ్డి అని ఎందుకంటారో నాకు ఇన్నాళ్ళకు కళ్ళారా కనిపించింది. ‘అత్తయ్యా, నన్ను కోప్పడకండి, ఇవి నావి కాదు, మీవి. దండెం మీద మీ లంగా కొలిచి అమ్మకు చెప్పింది నేనే’ అంది.

‘మరి నీకు నెల తప్పలేదా?’ అన్నాను.

దానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అబ్బాయి కూరగాయల సంచీతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇక వాడి సంగతి చెప్పక్కర్లేదు.

అదీ జరిగింది. నడుము పట్టీ సాగుతుంది, కుచ్చిళ్ళు అడ్డం పడకూడదు, సిగ్గుపడాల్సిందేమీ లేదు అని మీరు రాస్తే ఇంకేమనుకోను? పేరు రాయడానికి మీకు సిరా చాలలేదా? ఎన్ని రోజులు నేను మనవరాలికి జడలు వేసుకున్నానో మీకు తెలియదు. ఆ జడలు విప్పడం నాకు కష్టంగా ఉంది.

పైగా అందరికీ తెలుసన్నమాట. నేను పడ్డానని మీకు తెలుసు, కోడలికి తెలుసు, కొడుక్కి తెలుసు. నేనొక్కదాన్నే తలుపుకు తగిలిందంటే అందరూ నమ్మారనుకుని తిరిగాను. మొదటి ఉత్తరంలోనే ‘కులాసాయేనని బుడ్డి చెప్పింది’ అని రాశారు. కులాసా!

అవి నేను వేసుకోను. నా కాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చీర కిందే ఉన్నాయి. ఎలా ఉంటాయో నాకే సరిగ్గా గుర్తులేదు. ఇప్పుడు వాటిని తొడుగులో పెట్టి ఊళ్ళోవాళ్ళకు చూపించనా? నిచ్చెన ఎక్కితే కింద నిలబడ్డవాళ్ళకు కనిపించేది పుస్తకం కాదు. సోమవారం తాళంచెవి ఇచ్చేసి ముద్ర వేసుకుంటూ బతుకుతాను.

అంతగా చెబుతున్నారు కదా, మీరు వేసుకుంటారా?

ఇట్లు,
మీ వియ్యపురాలు


జూన్ 28
(కొరియర్‌లో పంపుతున్నాను, ఆదివారం ఉదయానికి అందాలి)

వదినగారూ,

తప్పు నాదే సగం, మీదే సగం. జడల సంగతి చదివి ఏడుపొచ్చింది. అంతకుముందు చంకల దాకా పట్టీ సంగతికి పగలబడి నవ్వాను. కొట్లో వాళ్ళు నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

ఇక డొంకతిరుగుడు లేదు. చదవండి.

అవి మీవి. మీకోసమే. మీరు ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళాలని పంపాను. నిచ్చెన మీద మిమ్మల్ని పడేసింది వయసు కాదు, కుచ్చిళ్ళు.

లోపలున్నది కనిపిస్తుందని కదా మీ భయం. పిడికిలి బిగించి ఆ గుడ్డలో దూర్చి కిటికీ వెలుతురుకు పట్టండి. వేళ్ళ కణుపులు కనిపించాయా? కనిపించవు. కనిపించే గుడ్డను నేను మనుషులకు అమ్మను. అది మెరవదు కూడా, చూడండి. మెరిసే గుడ్డ ప్రతి ఒంపునూ చాటింపు వేస్తుంది, ఇది నోరు మూసుకుని ఉంటుంది. సోమవారానికి నల్లవి వేసుకోండి. కాళ్ళకు నల్ల బూట్లే, అడుగు జారనివి. నడుము నుంచి మునివేళ్ళ దాకా ఒకే రంగైతే మనిషి నిటారుగా కనిపిస్తుంది. మీరు అసలే పొడుగు, అధికారి తలెత్తి మాట్లాడాలి.

పైకి ఆకుపచ్చ టాపు. మోకాలికి కాస్త పైన ఆగుతుంది. పక్క చీలిక తుంటి కిందే మొదలయ్యేట్టు నేనే కుట్టాను, చెయ్యి పైకెత్తినా, మెట్టెక్కినా తొడ పైదాకా తెరుచుకోదు. నమ్మకం లేకపోతే ఇంట్లో అద్దం ముందు వంగండి, కుర్చీ ఎక్కండి, అటక మీది డబ్బా దించండి. అద్దం ముందు బొమ్మలా నిలబడి బాగుందనుకునే వాళ్ళే బయటికి వెళ్ళాక ఇబ్బంది పడతారు. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద ఉండాలి. అక్కడ అతికితే కింద ఎంత వదులున్నా సంచీలా ఉండదు. పెద్ద వయసువాళ్ళు అన్నీ కప్పుకోవాలని రెండు సైజులు పెద్దది అడుగుతారు. అందులో మనిషి కనిపించదు, గుడ్డే కనిపిస్తుంది. చున్నీ వద్దు. అది నిచ్చెనకు కుచ్చిళ్ళ చెల్లెలు.

చేయకూడని పని ఒక్కటే. టాపును కిందికి లాక్కోవడం. నా కుర్చీలోంచి రోజూ చూస్తాను. అద్దం ముందు నుంచి వచ్చిన ప్రతి ఆవిడా చెయ్యి వెనక్కి పోనిచ్చి అంచు లాక్కుంటుంది. లాక్కున్న చోటే అందరి కళ్ళూ పడతాయి. ఒకామె, పెద్ద డాక్టరమ్మ, ఎంతో దర్జాగా వచ్చేది, ఆ ఒక్క చేత్తో మొత్తం దర్జా పాడుచేసుకునేది. చెయ్యి అక్కడికి వెళ్ళిందా, నేను ఎదురుగా ఉన్నానని అనుకోండి.

తాళంచెవికి కొంగు ఉండదు కదా. టాపుకు కుడిపక్క జేబు పెట్టాను. అందుకే.

మీ వియ్యపురాలు


జూలై 2

వదినా,

‘గారు’ ఇక కుదరదు. నా లంగా కొలతలు మీ దగ్గర ఉన్నాక ఇంకా గారు ఏమిటి?

వేసుకున్నాను. ఆదివారమంతా అద్దం ముందు వంగీ లేచీ అటక మీది డబ్బాలన్నీ దించాను. మీ అమ్మాయి మంచం మీద కూర్చుని ‘అత్తయ్యా, చెయ్యి!’ అని అరుస్తూనే ఉంది. అది అరిచినప్పుడల్లా నా చెయ్యి అంచు మీదే ఉండేది. సోమవారం ఇంటి నుంచి గ్రంథాలయం దాకా నడిచిన ఆ దూరం నాకు మళ్ళీ వద్దు. ప్రతివాళ్ళూ నన్నే చూస్తున్నారనిపించింది. మూల మీద చెప్పులు కుట్టే ఆయన నా బూట్లు మాత్రం చూశాడు. అది ఆయన పని.

అధికారి ‘తాళంచెవి తెచ్చారా?’ అన్నాడు. జేబులోంచి తీశాను. తీసి, ఇవ్వకుండా, ‘ఆ పాత నదుల పటాల సంపుటం ఎవరో అడుగుతున్నారట కదా, దించి వస్తాను’ అన్నాను. నాకు తెలియకుండానే అన్నాను. అతను నా వెనకే వచ్చాడు.

పై అర. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. కుచ్చిళ్ళు పట్టుకోవడానికి చెయ్యి దానంతటదే కిందికి వెళ్ళింది. అక్కడ కుచ్చిళ్ళు లేవు. అప్పుడు టాపు అంచు పట్టుకుంది. మీరు ఎదురుగా కూర్చుని ఉన్నారు, మెడలో టేపుతో. వదిలేశాను. ఆ చేత్తో నిచ్చెన పట్టుకున్నాను. పైకి వెళ్ళాక రెండో చెయ్యి సంపుటానికి కావాలి. అది బరువు. ఒక చేతిలో నిచ్చెన, ఒక చేతిలో పుస్తకం. ఇక లాక్కోవడానికి చెయ్యి ఎక్కడిది? అప్పుడు పోయింది వదినా, భయం. కింద ఎవరున్నారో, ఏం కనిపిస్తోందో అన్నీ పోయాయి. అర వెనక పోయిన ఏడాది కనిపించక వెతికిన చిన్న పటం కూడా దొరికింది.

దిగాక అధికారి అట్ట మీద దుమ్ము చూసి, ‘ఈ గది రోజూ తుడిపించాలండీ’ అన్నాడు. అంతే. తాళంచెవి ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అది జేబులోనే ఉంది.

ఇక నా ప్రశ్న. మీరు వేసుకుంటారా అని అడిగాను. అంత పొడుగు ఉత్తరంలో దానికి తప్ప అన్నిటికీ జవాబు ఉంది. నేను పుస్తకాల మనిషిని, ఏ పేజీ లేదో వెంటనే తెలుస్తుంది. మీ అమ్మాయిని అడిగితే, ‘అమ్మ ఊరందరికీ వేయిస్తుంది, తను మాత్రం ఎప్పుడూ వేసుకోలేదు. సిగ్గు’ అంది. ఆహా! ట్రయల్ రూము ముందు కుర్చీలో కూర్చున్న ఆవిడ ఒక్కసారి కూడా ట్రయల్ రూములోకి వెళ్ళలేదన్నమాట.

ఈ ఉత్తరంతో ఒక పార్శిల్ వస్తోంది. ముదురు నీలం లెగ్గింగ్స్, పైకి ఒక టాపు. పోయినసారి వచ్చినప్పుడు మా దండెం మీద మీరొక లంగా మర్చిపోయారు. కొలిచింది మీ అమ్మాయే. గుడ్డలో పిడికిలి దూర్చి చూశాను, కణుపులు కనిపించలేదు.

ఎవరికి అని స్పష్టంగా రాస్తున్నాను. మీకు.

మీ వదిన


జూలై 8

వదినా,

వేసుకున్నాను. కొట్టు తెరవకముందే వచ్చి, అందరినీ నిలబెట్టే ఆ అద్దం ముందు నేను నిలబడ్డాను. కొలత సరిగ్గా ఉంది. చీలమండ ఎముక మీదే ఆగింది. పొద్దున వచ్చిన మొదటి ఆవిడ నన్ను చూసి, ‘ఇవి ఎక్కడున్నాయండీ, నాకూ చూపించండి’ అంది. అరలో వెతక్కుండా నా కాళ్ళే చూపించాను. మీ కోడలికి చెబితే నమ్మదు. నేనే ఇంకా తేరుకోలేదు.

ఒక చేతిలో టేపు ఉంది. రెండో చెయ్యి పొద్దుటి నుంచి టాపు అంచును వదలడం లేదు. ఎంత చెప్పినా వినడం లేదు. మీ గదిలోంచి ఏదైనా పుస్తకం పంపించండి. ఏదైనా పరవాలేదు, బరువుగా ఉండాలి.

మీ వదిన